ముందడుగు ఎవరిది?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘముల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



 ఈ శతజయంతి వత్సరములో మూడు ఊళ్ల సంఘములు ఒక్కచోట కూడుకొన్న ఈ కూడికలో మాట్లాడుమని పెద్దలు కోరినప్పుడు నేను వెనుకాడాను. నాకిచ్చిన అంశము “విశ్వాసుల మధ్య కలహములు, వాటి పరిష్కారము”. నేను వేదాంత పండితుణ్ణి కాను. బడిపంతులుగా పని చేసి రిటైరైనవాణ్ణి. ఈ అంశము మీద మాట్లాడే అర్హత నాకేమైనా ఉన్నదంటే అది ఒక్కటే. తోడబుట్టిన అన్నతో ఏడేండ్లు మాట్లాడకుండా బ్రదికినవాణ్ణి నేను. ఆ ఏడేండ్లూ ఆదివారము తప్పకుండా గుడికి వచ్చినవాణ్ణి కూడా. ఆ సంగతి తరువాత చెబుతాను.

శతజయంతి వచ్చిందంటే లెక్కలు చూసుకుంటాము. ఎన్ని గుడులు కట్టుకున్నాము, ఎన్ని బడులు నడిపాము, ఎంతమంది బాప్తిస్మము పొందారు, ఎంతమంది గురువులు మనలను కాచారు, ఇవన్నీ రాసుకుంటాము. మంచిదే, పెద్దల కష్టమును మరువరాదు. అయితే ఏ రిజిస్టరులోనూ ఎక్కని లెక్క ఒకటి ఉన్నది. ఒకే గుడిలో కూర్చుండి ఒకరి ముఖము ఒకరు చూడనివాళ్లు ఎంతమంది? ఒకే బల్ల దగ్గర మోకరించి, గడప దాటగానే చెరొక తొవ్వ పట్టేవాళ్లు ఎంతమంది? ఈ లెక్క మన పక్కవాళ్లకు తెలుసు, ఊరికి తెలుసు, దేవునికి తెలుసు. మనమే తెలియనట్టు ఉంటాము.

రెండు మాటలు

మన భాషలోని రెండు మాటలను ముందుగా మీ ముందు ఉంచుతాను. మొదటిది “సమాధానము”. బడిలో పిల్లవాణ్ణి అడిగితే ప్రశ్నకు జవాబును సమాధానము అంటాడు. గుడిలో అడిగితే శాంతి, సఖ్యత అంటాము. మాట ఒక్కటే, అర్థములు రెండు. కలహము వచ్చినప్పుడు మనలో ఎక్కువమందిమి మొదటి అర్థములోనే నిలిచిపోతాము. వాడు ఒక మాట అంటే మనము రెండు మాటలతో సమాధానము చెప్పి వస్తాము. చెప్పి వచ్చాము గాని సమాధానపడి రాలేదు.

రెండవది “పంచాయితీ”. తగవు తీర్చడానికి పెద్దలు కూర్చునే చోటు పంచాయితీ. కాని మన వైపు “వాళ్లిద్దరికీ పంచాయితీ అయింది” అంటే తగవు పడిందని అర్థము. తీర్చే చోటు పేరే తగవు పేరు అయి కూర్చుంది. ఎందుకు ఇట్లా అయింది? తీర్చడానికి కూర్చున్న చోటే మరొక తగవు పుట్టడము మన పెద్దలు చాలాసార్లు చూచి ఉంటారు. పదిమందిలో కూర్చోబెట్టినప్పుడు మనిషి సత్యము కోసము మాట్లాడడు, పరువు కోసము మాట్లాడతాడు. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మన కలహములు ఎక్కడ పుడుతున్నవి?

మనము ఆకాశములో బ్రదకడము లేదు. మన తగవులు మన బ్రతుకుతెరువులోనే పుడతాయి. సిరిసిల్లలో సాంచాల మీద బ్రదికే కుటుంబములు ఉన్నవి. ఆసామికీ కార్మికుడికీ కూలి దగ్గర మాట పడుతుంది. అన్నదమ్ములు కలిసి సాంచాలు పెట్టుకుంటారు. గిరాకీ ఉన్నన్ని నాళ్లు అంతా బాగుంటుంది, బట్ట నిలిచిపోయిన రోజున అప్పు ఎవరి మీద పడాలన్న దగ్గర ఇల్లు చీలిపోతుంది. భివండీకో సూరత్‌కో పోయిన తమ్ముడు తిరిగి వచ్చేసరికి ఇంట్లో అతని వాటా గురించి ఎవరూ నోరు విప్పరు.

కోరుట్ల వైపు మన తల్లులు, అక్కచెల్లెళ్లు అరుగుల మీద కూర్చుండి బీడీలు చుడతారు. చేతులు ఆకు మీద ఉంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒకరి కోడలి గురించి జారిన మాట పొద్దు గూకేలోపల ఆ కోడలి చెవిన పడుతుంది. ఇక గల్ఫ్ సంగతి మీకు చెప్పనక్కరలేదు. దుబాయిలో ఎండకు మాడి పంపిన పైసలతో ఊళ్లో భూమి కొంటారు. పట్టా ఎవరి పేరు మీద అయిందన్నది అతను దిగివచ్చిన రోజున తెలుస్తుంది. జగిత్యాల చుట్టు పల్లెలలో గెట్టు తగాదాలు, బావి నీళ్ల వంతులు, మామిడి తోటలో పంపకములు.

వీటికి తోడు గుడి తగవులు కూడా ఉన్నవి. పాస్టరేట్ కమిటీ ఎన్నికలో ఓటు వేయలేదని, క్రిస్మస్ కార్యక్రమములో తన బిడ్డకు పాట ఇవ్వలేదని, పందిరిలో ముందు వరుసలో కుర్చీ వేయలేదని ఏండ్ల తరబడి మాటలు బంద్ చేసుకున్నవాళ్లు మనలో లేరా? నవ్వుతున్నారు. నవ్వండి. కాని ఇంటికి పోయినాక మనమెవరితో మాటలు బంద్ చేశామో లెక్క పెట్టుకోండి.

ప్రభువు చెప్పిన రెండు సందర్భములు

మత్తయి సువార్తలో ప్రభువు ఈ విషయమును రెండు చోట్ల ఎత్తాడు. ఐదవ అధ్యాయములో, కొండమీది ప్రసంగములో, ఒక మనిషి అర్పణ పట్టుకొని బలిపీఠము దగ్గరకు వచ్చాడు. అక్కడ అతనికి జ్ఞాపకము వచ్చింది, తన సహోదరునికి తనమీద ఏదో బాధ ఉన్నదని. అర్పణను అక్కడే విడిచిపెట్టి, ముందు పోయి అతనితో సమాధానపడి రమ్మంటాడు ప్రభువు. ఇక్కడ తప్పు చేసినవాడు వెళ్లాలి.

పద్దెనిమిదవ అధ్యాయము తీయండి. అక్కడ నా సహోదరుడే నా పట్ల తప్పు చేశాడు. దెబ్బ తిన్నది నేను. అప్పుడు ఎవరు వెళ్లాలి? అప్పుడు కూడా నన్నే వెళ్లమంటాడు, అతడు ఒంటరిగా ఉన్నప్పుడు అతనితో మాట్లాడమంటాడు.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు నాదైతే నేను వెళ్లాలి. తప్పు అతనిదైనా నేనే వెళ్లాలి. “ముందు వాడు రావాలి” అనే మాటకు ప్రభువు ఎక్కడా చోటు ఉంచలేదు. ఇద్దరూ ఈ వాక్యమును నమ్మినవారైతే, ఇద్దరూ ఒకే పొద్దున ఇండ్ల నుండి బయలుదేరి నడితొవ్వలో ఎదురెదురు పడాలి. మన మధ్య ఆ తొవ్వలు గడ్డి మొలిచి ఉన్నవంటే ఇద్దరమూ వాక్యమును చదివాము గాని నడవలేదని అర్థము.

మన ఆరాధన క్రమములో కూడా పెద్దలు ఈ సంగతిని ఎంత జాగ్రత్తగా పెట్టారో చూడండి. దక్షిణ ఇండియా సంఘము ప్రభుభోజన ఆరాధన క్రమమును 1950లో మద్రాసు సినడ్ కూడికలో తొలిసారి వాడారు. అందులో కానుకలకు ముందు “సమాధానము” అనే భాగము ఉన్నది. గురువు దగ్గర నుండి సమాధానము బయలుదేరి, చేతి నుండి చేతికి, వరుస నుండి వరుసకు, గుడి చివరి వరకు వస్తుంది. కేరళలోని సిరియను క్రైస్తవుల పూర్వాచారము నుండి దీనిని తీసుకున్నారు. కానుక పళ్లెము రాకముందు సమాధానము రావాలి. ఐదవ అధ్యాయమును ఆరాధనలో కుట్టిపెట్టారన్నమాట. మనము ఆ చేతిని అందుకుంటున్నాము, ఆ తరువాత కానుక వేస్తున్నాము. నడుమ మన మనసులో ఏమి జరుగుతున్నదో మనకే తెలియాలి.

తలక్రిందులైన వరుస

పద్దెనిమిదవ అధ్యాయములో ప్రభువు మూడు మెట్లు చెప్పాడు. మొదట ఒంటరిగా వెళ్లాలి. అతడు వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకొని పోవాలి. అప్పటికీ వినకపోతే సంఘమునకు చెప్పాలి.

మనము చేసేది ఏమిటి? ఈ వరుసను తిరగవేస్తాము. మొదట ఊరంతా చెబుతాము. తరువాత మన పక్షము వహించే ఇద్దరు పెద్దమనుషులను చూచుకుంటాము. చివరికి, చాలా చివరికి, ఆ మనిషికి తెలుస్తుంది, అదీ మూడో మనిషి నోట. అప్పటికి గోరంత కొండంత అయి ఉంటుంది. ఈ రోజుల్లో సెల్‌ఫోను ఒకటి వచ్చింది. ఒకప్పుడు మాట ఊరు దాటడానికి ఒక పూట పట్టేది. ఇప్పుడు వాట్సాప్‌లో పెడితే దుబాయిలో ఉన్న అల్లునికి కూడా ఆ క్షణములోనే చేరుతుంది. నోటి మాటనైతే గాలి కొంచెము మరిపిస్తుంది. రాసిన మాటను పదిసార్లు తీసి చదువుకొని పదిసార్లు మండిపోతాము.

ఇంకొక విషయము కూడా చెప్పక తప్పదు, కోపగించుకోకండి. ప్రార్థన కూటములో “ఫలానా కుటుంబము కోసము ప్రార్థన చేయండి, వాళ్లింట్లో ఇట్లా జరిగిందట” అని మొదలుపెడతాము. అది ప్రార్థన కాదు, మోకాళ్ల మీద కూర్చుండి చాడీ చెప్పడము. దేవునికి తెలియని సంగతి ఏదీ లేదు గనుక ప్రార్థనలో వివరములు అక్కరలేదు.

ఒంటరిగా పొమ్మని ప్రభువు ఎందుకన్నాడు? ఇందాక పంచాయితీ గురించి చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. పదిమందిలో మనిషికి పరువు అడ్డము వస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఓడిపోయినా చూచేవాడు లేడు. తప్పు ఒప్పుకునే వీలు అక్కడే ఉంటుంది. ఎదుటి మనిషి పరువును కాపాడి మరీ తప్పు చెప్పమన్నాడు ప్రభువు.

ఇక మూడో మెట్టు దగ్గర కూడా వినకపోతే అతణ్ణి అన్యునిగా, సుంకరిగా ఎంచుమన్నాడు. ఈ మాట పట్టుకొని “చూచారా, వెలివేయమన్నాడు” అంటారు కొందరు. సుంకరులతో ప్రభువు ఎట్లా నడుచుకున్నాడు? వాళ్ల ఇండ్లకు పోయాడు, వాళ్లతో భోజనము చేశాడు. ఈ మాటలున్న సువార్తకు ఎవరి పేరు ఉన్నది? మత్తయిది. ఆ మత్తయి ఎవరు? సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న సుంకరి. కనుక చివరి మెట్టు దగ్గర కూడా తలుపు మూయమని కాదు, మళ్లీ మొదటి నుండి ప్రేమించడము మొదలుపెట్టమని నాకు అర్థమవుతున్నది.

నా సొంత సంగతి

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మాకు, మా అన్నకు ఒక్కటే బావి, ఒక్కటే మోటరు. నీళ్లు వంతుల మీద పారించుకునేవాళ్లము. అప్పట్లో కరెంటు రాత్రిపూట వచ్చేది. నా వంతు ఉన్న ఒక రాత్రి నీళ్లు మా అన్న మడికి మళ్లినవి. తెల్లవారి నేను చూచి నలుగురిలో నోరు జారాను. అన్న నాలుగు మాటలు అన్నాడు. ఆ దినము నుండి మాటలు బంద్. ఏడేండ్లు.

గుడిలో అతడు ఎడమ పక్క, నేను కుడి పక్క. మా అమ్మ ఒక నెల నా ఇంట, ఒక నెల అన్న ఇంట ఉండేది. క్రిస్మస్ నాడు ఒక ఇంట తింటే రెండో ఇల్లు చిన్నబోతుందని ఆ పూట ఒళ్లు బాగాలేదని ముసుగు పెట్టి పడుకునేది. మొదట నిజముగానే జ్వరమనుకున్నాను. మూడో ఏడు కూడా పండుగనాడే జ్వరము వచ్చినప్పుడు అర్థమైంది. అర్థమైనా కదలలేదు. ఒక ఆదివారము సమాధానము చేతి నుండి చేతికి వస్తూ మా అన్న దాకా వచ్చింది. నేను ఆనాడు ఆలస్యముగా వచ్చి అతని వెనుక వరుసలోనే కూర్చున్నాను. అతడు వెనుకకు తిరిగాడు, నన్ను చూచాడు, నా పక్కనున్న చిన్న పిల్లవాని చేతికి ఇచ్చాడు. ఆ పిల్లవాడు నాకు ఇచ్చాడు. అట్లా సమాధానము మా ఇద్దరి మధ్య ఒక పసివాని చేతుల మీదుగా దాటింది. ఆ రోజు నేను ప్రభు బల్ల దగ్గరకు పోలేకపోయాను.

ఆ వారమే అన్న ఇంటికి వెళ్లాను. తొవ్వ పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అరుగు మీద ఉన్న అన్న నన్ను చూచి, “ఏం తమ్మీ, తొవ్వ మరిచి వచ్చినవా?” అని లోపలికి పోయాడు. వదినె మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను. నా మొదటి ప్రయత్నము అంతే. ఇంటికి వచ్చి “నా పని నేను చేశాను, ఇక దేవుడు చూచుకుంటాడు” అనుకున్నాను. అది విశ్వాసము కాదు, తప్పించుకోవడము. రెండోసారి పోయినప్పుడు అన్న ఇంట లేడు. మూడోసారి బావి దగ్గరకే పోయాను. మోటరు కాలిపోయింది, అన్న ఒక్కడే విప్పుతున్నాడు. నేను రెండో పక్క కూర్చుండి పానా అందుకున్నాను. చాలాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. నేను కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయినవి. “అన్నా, ఆనాడు నలుగురిలో అట్లా అనకుంట ఉండాల్సింది” అని మాత్రము అన్నాను.

అప్పుడు అన్న అన్నాడు: “నీళ్ల సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. నీ కొడుకు పెండ్లి ఖాయము చేసుకున్నప్పుడు పెద్దోన్ని నన్ను ఒక్క మాట అడిగినవా?”

సహోదరులారా, ఏడేండ్లు నేను నీళ్ల కోసము కొట్లాడుతున్నాననుకున్నాను. మా అన్న నీళ్ల కోసము కొట్లాడడము లేదు. నీళ్ల తగవుకు సంవత్సరము ముందే అతని మనసు విరిగింది. ఆ సంగతి నాకు తెలియదు, నేను అడగలేదు గనుక. పైకి కనబడే తగవు ఒకటి, లోపల నొచ్చిన చోటు ఇంకొకటి. గెట్టు దగ్గర కొట్లాడేవాళ్లు చాలామంది గెట్టు కోసము కొట్లాడరు. తనను లెక్క చేయలేదన్న బాధ గెట్టు రూపములో బయటికి వస్తుంది. ఆ చోటు ఏదో తెలియాలంటే ఎదురుగా కూర్చుండి వినడము ఒక్కటే మార్గము. మూడో మనిషి తెచ్చే కబురులో అది ఎన్నడూ రాదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా అమ్మకు జ్వరము రాలేదు.

వేరుపడడము, విరోధపడడము

సమాధానపడడమంటే అన్ని విషయములలో ఏకాభిప్రాయము రావాలని కాదు. అబ్రాము, లోతుల పశువుల కాపరులు మేత దగ్గర కలహించినప్పుడు అబ్రాము ఏమి చేశాడో ఆదికాండము పదమూడవ అధ్యాయములో ఉన్నది. పెద్దవాడై ఉండి కోరుకునే హక్కును చిన్నవానికి వదిలాడు. ఇద్దరూ వేరుపడ్డారు. ఆ తరువాత లోతు చెరపట్టబడినప్పుడు విడిపించడానికి పోయినది ఆ అబ్రామే. పంపకము చేసుకోవడము పాపము కాదు. పగతో చేసుకోవడము పాపము.

పౌలు, బర్నబా అంతటివారికి కూడా మార్కు విషయములో తీవ్రమైన తగవు వచ్చింది. చెరొక దిక్కు పోయారు. అపొస్తలుల కార్యములు రాసిన లూకా దానిని దాచలేదు. కాని తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయములో పౌలు ఆ మార్కునే వెంటబెట్టుకొని రమ్మంటాడు, అతడు తనకు పనికివచ్చేవాడని అంటాడు. ఒకనాడు వద్దన్న మనిషిని ముసలితనములో చెరసాల నుండి పిలుచుకున్నాడు. ఎవరి మీదనైనా మనము వేసిన ముద్రను తీసివేయడానికి ఎప్పుడూ ఆలస్యము కాలేదు.

మన ప్రాంతమునకు సువార్త తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనెరీలు. ఆ జాన్ వెస్లీకి, అతని ప్రియ స్నేహితుడు జార్జి విట్‌ఫీల్డ్‌కు దేవుని ఏర్పాటును గురించిన సిద్ధాంతము దగ్గర 1739 మొదలు పెద్ద వివాదము నడిచింది. ఇద్దరూ అచ్చువేసి మరీ వాదించుకున్నారు. సిద్ధాంతములో ఇద్దరూ చివరివరకు కలవలేదు. ప్రేమలో కలిశారు. విట్‌ఫీల్డ్ 1770 సెప్టెంబరు 30న అమెరికాలో మరణించినప్పుడు, అతని కోరిక ప్రకారము లండనులో నవంబరు 18న జ్ఞాపకార్థ ప్రసంగము చేసినవాడు వెస్లీయే. మనము పోయినప్పుడు మనతో వాదించినవాడు వచ్చి మన గురించి మంచి మాట చెప్పగలడా? అట్లా బ్రదకాలి.

మన సంఘమే ఒక సమాధానము యొక్క ఫలము. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, అప్పటికి దోర్నకల్‌లో సేవ చేస్తున్న అజరయ్య గారు మిషనెరీల ఎదుటనే నిలబడి, మీరు మాకు ఎంతో ఇచ్చారు గాని స్నేహమును ఇవ్వలేదన్న భావము వచ్చేటట్టు మాట్లాడారు. చాటున సణగలేదు, ముఖాముఖి చెప్పారు. చెప్పి విడిపోలేదు, కలిసి పని చేశారు. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది కూర్చుండి సంఘముల ఐక్యతకు పిలుపునిచ్చినప్పుడు ఆయన ముందు వరుసలో ఉన్నారు. ఆ పిలుపు నెరవేరడానికి 28 ఏండ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడేనాటికి అజరయ్య గారు లేరు. 1945 జనవరి 1న కన్నుమూశారు. తాను తినలేని చెట్టును నాటి పోయారు. ఆ చెట్టు నీడలో కూర్చుండి మనము కుర్చీల కోసము కొట్లాడుకోవడము న్యాయమా?

సమాధానము పేర తప్పును కప్పరాదు

ఒక హెచ్చరిక చెప్పకుండా ఈ ప్రసంగము ముగిస్తే అన్యాయము చేసినవాడినవుతాను. తగవు వేరు, దౌర్జన్యము వేరు. భర్త కొడుతున్నాడని ఏడ్చుకుంటూ వచ్చిన ఆడబిడ్డతో “క్షమించు తల్లీ, సర్దుకుపో” అని వెనుకకు పంపితే అది సమాధానము కాదు. కట్నము కోసము వేధించినచోట, కులము పేరుతో అవమానించినచోట, పిల్లల మీద చేయి వేసినచోట చట్టము ఉన్నది. ఆ మనిషి వెంట పోయి నిలబడడము సంఘము పని. ఒంటరిగా పోయి మాట్లాడుమన్న మాటను అటువంటి ఆడబిడ్డ నెత్తిన రుద్దరాదు. క్షమించడము ఆమె హృదయములో దేవుడు తన సమయమున చేసే పని, మన బలవంతము వల్ల అయ్యేది కాదు.

ఈ నేల మీద న్యాయము కోసము జరిగిన పోరాటములు మనకు తెలియనివి కావు. మన కరీంనగర్ అధ్యక్ష మండలము ఏర్పడిన 1978లోనే, సెప్టెంబరు నెలలో జగిత్యాలలో కూలీలు, రైతులు జైత్రయాత్ర తీశారు. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించింది. వెట్టి, కూలి, భూమి దగ్గర పుట్టిన ఆ గొడవను ఇద్దరు మనుషుల కోపతాపములని ఎవరూ అనలేరు. న్యాయము అడిగేవానితో “సమాధానముగా ఉండు” అని చెప్పడము సులువు. న్యాయము లేని సమాధానము పుండు మీద కట్టిన కొత్త బట్ట వంటిది.

జక్కయ్యను చూడండి. ప్రభువు అతని ఇంటికి వచ్చినాక అతడు కీర్తన పాడి ఊరుకోలేదు. అన్యాయముగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. తమ్ముని దుబాయి పైసలతో కొన్న భూమిని తన పేరున పెట్టుకున్న అన్న, చేతులు జోడించి క్షమించుమంటే చాలదు. పట్టా కూడా మార్చాలి.

ఇంటికి పోయి చేయవలసినవి

బడిపంతులును కదా, ఇంటి పని ఇవ్వకుండా వదలను. నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, పోయే ముందు ఆ మనిషి పేరు ఎత్తి వారము దినములు ప్రార్థన చేయండి. అతణ్ణి మార్చుమని కాదు, అతనికి మేలు చేయుమని. నోట రావడము కష్టమే. వచ్చిన రోజున సగము తగవు తీరుతుంది.

రెండు, ఒంటరిగా పోండి, కాలినడకన పోండి. ఉత్తరము వద్దు, ఫోను వద్దు, కబురు వద్దు. ఒక్క విషయమే మాట్లాడండి. “నువ్వు ఎప్పుడూ ఇంతే”, “మీ వంశమే అంత” అన్న మాటలను గడప బయట చెప్పులతో పాటు విడిచిపెట్టి లోపలికి పోండి. ముందుగా మీ తప్పు చెప్పుకోండి. తరువాత మీరు మాట్లాడిన దానికి రెండింతలు వినండి.

మూడు, కాకపోతే మళ్లీ పోండి. అప్పటికీ కాకపోతే ఇద్దరికీ కావలసిన పెద్దవాళ్లను తీసుకుపోండి, మీ పక్షము వాళ్లను కాదు. ఫిలిప్పీ సంఘములో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు పరిచారకులైన స్త్రీలకు పడనప్పుడు, పౌలు ఎవరిది తప్పో చెప్పలేదు. వారికి సహాయము చేయుమని ఒక నమ్మకమైన మనిషిని కోరాడు. స్త్రీల మైత్రిలోని తల్లులారా, అటువంటి మనుషులు మీలో ఉన్నారు. వాళ్లను వాడుకోండి.

నాలుగు, భూమి, ఆస్తి తగవులు ఇప్పటికే కోర్టుకు ఎక్కి ఉంటే అక్కడ కూడా రాజీకి దారి ఉన్నది. 1987 నాటి న్యాయ సేవల చట్టము కింద జరిగే లోక్ అదాలత్‌లో ఇరుపక్షములు ఒప్పుకొని తీర్చుకుంటే ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. తండ్రులు వేసిన దావాలను బిడ్డలకు ఆస్తిగా రాసిపోకండి.

ప్రియులారా, సిరిసిల్ల సహోదరులకు నేను చెప్పనక్కరలేదు. సాంచా నడుస్తుండగా పడుగులో ఒక్క పోగు తెగితే ఏమి చేస్తారు? సాంచా ఆపుతారు, తెగిన చోటు వెతుకుతారు, పోగును అతుకుతారు, మళ్లీ నడిపిస్తారు. ఒక్క పోగే కదా అని వదిలేస్తే బట్ట పొడుగునా గీత పడుతుంది. నూరేండ్లుగా దేవుడు మన మధ్య నేస్తున్న ఈ బట్టలో ఎన్ని పోగులు తెగి ఉన్నవో! నేతను ఒక్క క్షణము ఆపుదాము. తెగిన మన పోగును మనమే వెతుక్కుందాము.

వచ్చే ఆదివారము సమాధానము మీ వరుస దాకా వస్తుంది. మీ పక్కన ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. నడుమ ఒక పసివాని చేయి అవసరము లేకుండా మీరే అందుకొని మీరే ఇవ్వగలగాలని నా ప్రార్థన. ఆదివారము దాకా ఆగనక్కరలేదు. ఈ సాయంత్రమే, పొద్దు గూకక ముందే, తొవ్వ పట్టవచ్చు.

సమాధానకర్తయైన దేవుడు మన ఇండ్లను, మన సంఘములను, ఈ మూడు ఊళ్లను తన సమాధానముతో నింపును గాక. ఆమేన్.